పదిమందిలో పాము

(చెన్నై పెరంబూరులో ఒక తెలుగువాళ్ల ఇంటి వరండా. సాయంత్రం. మామయ్య బిల్డింగుల ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాడు. కోడలు ఈమధ్యే కొడుకు చదివే సర్కారు బడి కమిటీలో మెంబరైంది. ఆయన చేతిలో కాఫీ గ్లాసు, ఆవిడ చేతిలో ఒక అర్జీ. నేను కోడలి పక్షం, ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది.)

కోడలు: మామయ్యగారూ, ఇదొకసారి చూసిపెట్టండి. బడిలో మగపిల్లల మరుగుదొడ్డి గోడ నిలువునా పగిలింది. నా చిటికెన వేలు దూరుతోంది.

మామయ్య: చూడను. గోడలు చూడ్డానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు. నీకెందుకమ్మా?

కోడలు: ఆ గోడ పక్కన నిలబడేది మన చిన్నాడు కనక.

మామయ్య: నీ భయం వాళ్లకి బాగా పనికొచ్చింది. కమిటీ అన్నారు, ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలన్నారు, మొత్తమ్మీద సగం ఆడవాళ్లన్నారు. వినడానికి బాగానే ఉంది. రేపు గోడ కూలితే ఎవర్ని నిలదీస్తావు? హెచ్.ఎం. కమిటీలో పెట్టామంటుంది. కమిటీ తీర్మానం రాశామంటుంది. పై ఆఫీసు కాగితం అందలేదంటుంది. పదిమందిలో పాము చావదు.

కోడలు: ఒక్కడి చేతిలో ఉన్నప్పుడు చచ్చిందా? కుంభకోణం ఊళ్లో ఒక బడిలో 2004 జూలై 16న 94 మంది పిల్లలు కాలిపోయారు. వంటశాలలో మంట పుట్టి పాకకప్పుకి ఎక్కింది. తనిఖీ చేసే ఆఫీసర్లు అప్పుడూ ఉన్నారుగా!

మామయ్య: ఆ పాకకప్పు ఆఫీసర్లకే కనబడేదా? ఊరందరికీ కనబడేదే. ఊరేం చేసింది? పొద్దున్నే తలలు దువ్వి పిల్లల్ని అందులోకే పంపింది.

(కోడలు కాసేపు మాట్లాడలేదు. నా దగ్గరా దీనికి చప్పున జవాబు లేదు.)

కోడలు: అడిగే దారి లేక పంపింది. గేటు దాకానే మన రాజ్యం. ఆ మంటల తర్వాతే ఒకాయన సుప్రీంకోర్టుకి వెళ్లాడు. చదువుకునే హక్కంటే క్షేమంగా ఉండే బడిలో చదువుకునే హక్కేనని 2009లో కోర్టు చెప్పింది. తల్లిదండ్రుల కమిటీలు పెట్టాలన్న విద్యాహక్కు చట్టం కూడా ఆ ఏడాదిదే. ఇక తాంబరం స్కూలు బస్సు సంగతి. 2012లో, రెండో తరగతి పిల్ల, బస్సు అడుగున కన్నంలోంచి రోడ్డు మీద పడి చనిపోయింది. బస్సుకి ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఉంది మామయ్యగారూ. కాగితం మీద కన్నం లేదు. రోజూ పిల్లల్ని ఎక్కించే తల్లుల్లో ఒక్కరు లోపలికెక్కి చూసి ఉంటే...

మామయ్య: ఆగు. ఏమంటున్నావో తెలుస్తోందా? ఎఫ్‌సీ ఇచ్చినవాడు, బస్సు నడిపిన యజమాని అందరూ పక్కకి పోయి, తప్పు తల్లి మీదికి వచ్చింది! ఇందుకే నాకీ కమిటీల మాట గిట్టదు. సాయం చెయ్యమని పిలుస్తారు, చివరికి చూడలేదేమని అడుగుతారు. ఆ తర్వాత స్కూలు బస్సులకి రూల్సు తెచ్చింది ఎవరు? హైకోర్టు గద్దిస్తే ప్రభుత్వం తెచ్చింది. అందులో మీ కమిటీ ఏది? నువ్వు చెప్పే కమిటీ ఆ ప్రైవేటు బడికి అసలు లేనేలేదు. ఎయిడ్ లేని బడులకి ఆ సెక్షన్ వర్తించదు. ఇంకోటి. మీ మీటింగు మధ్యాహ్నం మూడింటికి. వ్యాసర్పాడి నుంచి వచ్చే ఆవిడ రోడ్లు ఊడ్చే పనిలో ఉంది, ఒక పూట కూలి పోగొట్టుకుని వస్తుంది. వచ్చి ఏం చేస్తుంది? అరవంలో రాసిన తీర్మానం కింద సంతకం పెడుతుంది. ఆ ఇంట్లో మాట్లాడేది మన తెలుగు. దానిలో ఏముందో ఎవరు చెప్పారు?

కోడలు: నేను చదివి చెప్తాను.

మామయ్య: నువ్వు లేని రోజు?

కోడలు: ...సరే, అది నిజం. నోటీసు తెలుగులో కూడా రాయమని అడగాలి.

మామయ్య: అడుగు! ఈ ఊళ్లో తెలుగు మీడియం బడులు ఎన్ని మిగిలాయో కూడా అడుగు. నా మనవడికి 'అ' రాయడం రాదు.

కోడలు: దానికీ గవర్నమెంటేనా? రోజూ రెండు గంటలు పేపరు చదువుతారు. వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఒక్క అక్షరం దిద్దించారా?

మామయ్య: వాడు కూచుంటేగా! ఆ ఫోను లాక్కోమని ఎన్నిసార్లు చెప్పాను...

(ఇక్కడ ఫోను మీద, ఫోను కొనిచ్చిన మేనమామ మీద చాలాసేపు నడిచింది. అది మనకి అనవసరం.)

కోడలు: గోడ దగ్గరకి రండి. నేను ఆఫీసర్లు వద్దనలేదు. వాళ్లకి కనబడనివి కొన్నుంటాయి. బడి వదిలే వేళ గేటు ముందు షేర్ ఆటోలు ఎలా అడ్డంగా నిలబడతాయో ఇన్‌స్పెక్షన్‌కి పదకొండింటికి వచ్చేవాడికి తెలీదు. వానల తర్వాత వేపచెట్టు మీంచి వైరు ఎంత కిందికి జారిందో, వాచ్‌మన్ ఎప్పుడు టీకి వెళ్తాడో మాకు తెలుసు. ఏ పిల్ల ఉన్నట్టుండి బడికి రానని ఏడుస్తోందో ఆయాకి తెలుసు. దాని వెనక లైంగిక వేధింపు ఉందని తెలిసి కప్పిపెడితే పోక్సో చట్టం కింద హెచ్.ఎం.కి అయినా శిక్షే. కానీ పిల్ల నోరు విప్పేది తెలిసిన మనిషి దగ్గరే కదా? పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోను చేసేది ఆ తెలిసిన మనిషే. అలాగని మేమొక్కళ్లమే ఏం చెయ్యగలం? వైరు ముట్టుకోలేం, కరెంటాఫీసు ఈబీవాళ్లు రావాలి. ఆటోని ఆపలేం, ట్రాఫిక్ పోలీసు కావాలి. గోడ పడగొట్టాలంటే మీలాంటి ఇంజనీరు కాగితం కావాలి. నీళ్ల ట్యాంకు మూత లేదని ముగ్గురం మూడుసార్లు నోటితో చెప్పాం. ఊఁ అన్నారు. తొమ్మిది మంది సంతకాలతో మినిట్స్ పుస్తకంలో రాశాం. నాలుగో రోజున మూత వచ్చింది. తిరునెల్వేలిలో 2021 డిసెంబర్‌లో మరుగుదొడ్డి గోడే కూలి ముగ్గురు పిల్లలు పోయారు. ఆ తర్వాత రాష్ట్రమంతా పాత బిల్డింగులు తనిఖీ చేశారు. చేసింది గవర్నమెంటే, ఒప్పుకుంటాను. కూలాక చేసింది.

(మామయ్య చల్లారిన కాఫీ తాగేశాడు.)

మామయ్య: పగులు పైన వెడల్పా, కింద వెడల్పా?

కోడలు: ...చూడలేదు.

మామయ్య: వేలు దూర్చి వచ్చేశావు! పైన వెడల్పైతే ఒకటి, కింద వెడల్పైతే ఇంకోటి. పునాది దిగుతోందా, పక్కన చెట్టు వేరు తోస్తోందా అన్నది అక్కడే తెలుస్తుంది. చూడ్డమంటే అది. కమిటీలో ఒక్కరికైనా నేర్పారా?

కోడలు: మీరు నేర్పండి.

మామయ్య: ముందు రేపు పొద్దున్నే ఆ దొడ్డికి తాళం వేయించు. పిల్లల్ని అటు పోనివ్వకండి. మొన్న పగిలిన ఫొటో ఫ్రేము గాజు పారేశావా?

కోడలు: అటక మీదుంది.

మామయ్య: తీయి. వేలెడంత ముక్కలు రెండు కోసిస్తాను. హెచ్.ఎం.కి చెప్పి, పగులుకి అడ్డంగా పైనొకటి, కిందొకటి సిమెంటుతో అతికించి, పక్కన తేదీ వేయించు. గాజు విరిగిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టు. నీ అర్జీలో 'పెద్ద పగులు' అని ఏడవకు. ఎన్ని అడుగుల పొడవో, ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో, ఏ తేదీన కొలిచావో రాయి. అప్పుడు పై ఆఫీసువాడికి తప్పించుకునే దారుండదు.

కోడలు: కింద మీరూ సంతకం పెడతారా?

మామయ్య: నేను మెంబర్ని కాను. పెట్టినా తెలుగులోనే పెడతాను.

కోడలు: పెట్టండి. అవి ఏ అక్షరాలో చెప్పమని మీ మనవణ్ణి అడుగుతాను.