సమాధానం చెప్పడం వచ్చు, సమాధానపడటమే రాదు

మొన్న ఆదివారం ఆరాధనకి బయల్దేరితే నా స్కూటీకి అడ్డంగా కింద ఫ్లోర్ అంకుల్ బండి. హ్యాండిల్ లాక్ కూడా. ఇది మూడోసారి. చంకలో బైబిలు, ఇస్త్రీ నలగని చీర, నోటి చివర మాత్రం మా అమ్మ వింటే చెంప పగలగొట్టే మాట. అది మింగేసి, "మీకెన్నిసార్లు చెప్పాలండీ!" అని మెట్ల మీంచే అరిచాను. ఆయన తాళం తెచ్చి బండి జరుపుతూ తాపీగా, "చర్చికెళ్లేవాళ్లకి ఇంత కోపమేంటమ్మా" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. నిజం కాబట్టే అంత మండింది.

దారంతా ఆయనకి ఏం చెప్పుండాల్సిందో కూర్చుకుంటూనే వెళ్లాను. బెంజ్ సర్కిల్ దాటేసరికి మూడు పదునైన జవాబులు తయారు. మన తెలుగులో ఒక చిత్రం చూడండి. పరీక్ష పేపర్లో సమాధానం అంటే జవాబు. చర్చి గుమ్మం దాటితే అదే మాటకి అర్థం శాంతి. పుట్టు క్రైస్తవురాలిని, రెండు అర్థాలూ చిన్నప్పుడే వచ్చాయి. సాధన మాత్రం మొదటిదాంట్లోనే చేశాను.

మా సంఘంలో సంస్కారపు ఆరాధన నాడు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజు, సమాధానం చేతుల మీదుగా అందుతుంది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అనే క్రైస్తవ శాఖలవాళ్లు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) అయ్యాక రాసుకున్న ఆరాధన క్రమంలో దీన్ని పెట్టారు. బల్ల దగ్గర పాస్టరు అయ్యగారు మొదలుపెడితే, ఒకరి కుడిచెయ్యి ఇంకొకరి రెండు చేతుల మధ్య పెట్టుకుంటూ చివరి బెంచీ దాకా వెళ్తుంది. కానుకలు పట్టకముందే ఇది జరగాలి. మత్తయి 5:23 వల్లే ఆ వరస అని నా నమ్మకం: "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలేసి వెళ్లమంటాడు ప్రభువు. ఇన్నేళ్లూ నేను ఆ వాక్యాన్ని తిరగేసి చదివాను. నాకు ఎవరి మీద కోపముందో కాదు అక్కడ లెక్క, నా మీద ఎవరికి ఉందో!

పక్కావిడ చెయ్యి నా చేతుల్లో ఉండగానే వడియాలు గుర్తొచ్చాయి. వేసవిలో అంకుల్ వాళ్లావిడ కింద బాల్కనీలో ఆరబెట్టుకున్న వడియాల మీద నా పూలకుండీల మట్టినీళ్లు పడ్డాయి. ఆవిడ పైకొచ్చి చెప్తే "చూసుకోలేదండీ" అన్నాను. అంతే. మళ్లీ పోశాను కూడా.

ఇక్కడో మాట. సమాధానపరచడం అంటే నోరు మూసుకోవడం అని మనవాళ్లలో ఒక పిచ్చి నమ్మకం. కొట్టే భర్త దగ్గరికి "సర్దుకుపోమ్మా, ప్రార్థన చేద్దాం" అని ఆడపిల్లని తిప్పి పంపే పెద్దల్ని చూశాను. దాన్ని సమాధానం అనకండి దయచేసి. లేని సమాధానాన్ని "సమాధానము సమాధానము" అంటూ గాయాన్ని పైపైన బాగుచేసేవాళ్లని బైబిల్లో యిర్మీయా ప్రవక్త ఏనాడో కడిగేశాడు. అందరితో సమాధానంగా ఉండమన్న అపొస్తలుడు పౌలు కూడా "శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు" అనే రాశాడు. అవతలివాళ్ల వంతు మన చేతిలో లేదని ఆయనకి తెలుసు.

నా ఇబ్బంది అంత పెద్ద విషయాల్లో కాదులెండి. పెద్ద శోధన, అంటే తప్పులోకి లాగే పరీక్ష, వస్తే ఉపవాసం కూడా ఉంటాం. కుండీ నీళ్లు, కుళాయి దగ్గర వంతు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక బొటనవేలు గుర్తు, అక్కడ జారిపోతాం. అన్నిటికంటే తియ్యటి శోధన ఏదంటే ప్రార్థన మనవి. "ఫలానా వాళ్లింట్లో గొడవలంట, పేరు చెప్పను గానీ ప్రార్థించండి" అని స్త్రీల కూటంలో నేనే అన్నాను ఒకసారి. పేరు తప్ప అన్నీ చెప్పాను. మధ్యాహ్నానికి పేరు కూడా అందరికీ తెలిసిపోయింది.

ఆ సాయంత్రం కిందకి దిగి తలుపు కొట్టాను. సిద్ధం చేసుకున్న మూడు జవాబులూ ఇంకా నోట్లో ఆడుతూనే ఉన్నాయి, అబద్ధం ఎందుకు. "వడియాల సంగతి ఆంటీ, తప్పు నాదే" అన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, "ఇప్పుడా గుర్తొచ్చింది?" అంది. కూర్చోమనలేదు. కుండీల కింద పళ్లేలు పెట్టానని చెప్పి పైకొచ్చేశాను.

నిన్న పొద్దున బండి మళ్లీ అడ్డంగానే ఉంది. ఈసారి అరవకుండా దిగి బెల్లు కొట్టాను. అంకుల్ తాళంతో బయటికొచ్చారు, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.