నదీగర్భంలో సర్కారు కట్టడాలకు వేరే గీతా?

2025 సెప్టెంబరు 26, శుక్రవారం రాత్రి మూసీ వరద హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ను ముంచెత్తింది. బతుకమ్మకు, దసరాకు సొంతూళ్లకు బయల్దేరిన జనం పిల్లాపాపలతో, సామాన్లతో ప్లాట్‌ఫారాల మీద చిక్కుకుపోయి, తాళ్లు పట్టుకుని ఒడ్డుకు చేరాల్సిన దుస్థితి ఏర్పడింది. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వంతెనల మీద రాకపోకలు ఆగిపోయాయి. ఎగువన కుండపోత వాన, జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల గేట్లెత్తి వేల క్యూసెక్కుల నీటిని దిగువకు వదలడం ఇందుకు కారణాలని అధికారులు చెబుతున్నారు. అవి నిజమే. అయితే ఆ నీరు పారింది మూసీ తన దారిగా చేసుకున్న చోటనే. అక్కడ బస్‌స్టేషన్ ఎందుకున్నదన్న ప్రశ్నకు ఇంతవరకు ఏ అధికారీ, ఏ మంత్రీ బదులివ్వలేదు.

1908 సెప్టెంబరు 28న ఇదే నది హైదరాబాద్‌ను తుడిచిపెట్టింది. సుమారు 15 వేలమంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. నగరంలోని వంతెనలు దెబ్బతిన్నా, 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ నిలిచింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆ విపత్తు తర్వాత నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన జలాశయాలు నిర్మించాలని, నగరంలో ఒడ్డులను ఎత్తు చేయాలని సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను విప్పి, వీధులను వెడల్పు చేసింది. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి వెలిశాయి. వాటి ముంగిట కరకట్టల వెంబడి తోటలు పరుచుకున్నాయి. నయాపూల్ మీద నిలబడి అటు హైకోర్టు గుమ్మటాలను, ఇటు ఆసుపత్రి గుమ్మటాలను, నడుమ పచ్చని ఒడ్డులను చూసిన తరాలు ఈ నగరంలో ఇంకా ఉన్నాయి. తర్వాతి కాలంలో సాలార్‌జంగ్ మ్యూజియం కూడా ఈ నదీతీరానికే వచ్చి చేరింది.

ఆ తోటల్లో అందం ఉంది, అంతకుమించిన వివేకమూ ఉంది. నీరు ఎప్పుడైనా మళ్లీ వస్తుందని, వచ్చిననాడు దానికి చోటు కావాలని, మనిషి ఇల్లు కట్టుకోకుండా ఆ చోటును ఖాళీగా ఉంచాలంటే తోటకన్నా మేలైన కాపలా లేదని నాటి పాలకులు గ్రహించారు. తోట మునిగితే నీరు తీశాక బురద కడిగితే సరిపోతుంది. బస్‌స్టేషన్ మునిగితే ఏమవుతుందో శుక్రవారం రాత్రి చూశాం.

ఈ కట్టు తప్పింది ఆక్రమణదారుల చేతుల్లో మాత్రమే కాదు. నది నడుమ లంకగా ఉన్న ఇమ్లీబన్‌లో బస్‌స్టేషన్ కట్టింది ప్రభుత్వమే. గౌలిగూడ బస్టాండు ఇరుకైపోయిందని, ప్రజాప్రయోజనమని చెప్పి 1994లో దాన్ని ప్రారంభించారు. ఆ పక్కనే తర్వాత మెట్రో స్టేషన్ లేచింది. దానికీ కారణం ప్రజాప్రయోజనమే. ఒకసారి సర్కారే నదీగర్భంలో పునాది తీస్తే, ఆ తర్వాత వచ్చే ప్రతి శాఖకూ, ప్రతి గుత్తేదారుకూ అది దారి అవుతుంది. నది హద్దు ఎక్కడో తెలియని పరిస్థితి ఈ విధంగా తలెత్తినదే. పేదవాడు గుడిసె వేసుకున్నది కూడా ఆ దారి చూసే.

2024 సెప్టెంబరులో ఆ పేదల ఇళ్ల గోడల మీద అధికారులు ఎర్రరంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసి వెళ్లారు. ఆ ఇళ్లు నదీగర్భంలో ఉన్నాయని, తొలగించాల్సినవని దాని అర్థం. మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీల నుంచి కుటుంబాలను దూరంగా రెండు పడకగదుల ఇళ్లకు తరలించారు. వరద ముప్పు నుంచి కాపాడటానికేనని సర్కారు చెప్పింది. ముప్పు ఉన్నమాట వాస్తవం, దాన్ని మేము కాదనడం లేదు. నదిలో ఎవరూ నివసించకూడదన్నదే మా అభిప్రాయం కూడా. కానీ ఆ కొలత రేకుల ఇంటికి ఒక తీరుగా, రోజూ వేలమంది వచ్చిపోయే సర్కారు కట్టడానికి మరో తీరుగా ఉండటాన్ని ఏ న్యాయం ఒప్పుకుంటుంది? పది కుటుంబాలుండే వాడకు ముప్పు ఉన్నప్పుడు, పండుగనాడు కిక్కిరిసిన బస్‌స్టేషన్‌కు అంతకు ఎన్నో రెట్లు ముప్పు ఉన్నట్టే. ఆ గోడ మీద ఎర్రరంగు ఎందుకు పడలేదు?

మూసీకి పునరుజ్జీవం పోస్తామంటూ రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టిన పథకం వల్ల ఈ లోపాలన్నీ సరిదిద్దుకుంటాయని, పర్యాటకం పెరుగుతుందని, నగరానికి కొత్త కళ వస్తుందని పథకం సమర్థకులు అంటున్నారు. వారి ఉద్దేశాన్ని శంకించడం మా పని కాదు. కానీ మూసీ సుందరీకరణ ఇవాళ్టి మాట కాదు. 1990లలో నందనవనం పేరుతో ఒక ప్రయత్నం జరిగింది, అప్పుడూ ముందుగా ఖాళీ చేయించింది బస్తీలనే. 2017లో నదీతీర అభివృద్ధికి ప్రత్యేక సంస్థను స్థాపించారు. 2024లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఈ పథకానికి లక్షన్నర కోట్ల రూపాయల లెక్క చెప్పారు. లండన్, సియోల్ నదులను చూసివచ్చారు. బాపూఘాట్ వద్ద గాంధీ సరోవర్ అంటున్నారు. ఇంత జరుగుతున్నా నదికి ఎంత వెడల్పు వదులుతారన్నది స్పష్టంగా, అందరూ చదవగల పటంగా ప్రజల ముందు పెట్టాలన్న శ్రద్ధ కనిపించడం లేదు. సబర్మతి ఒడ్డును ఆదర్శంగా చూపేవారు ఒక సంగతి గమనించాలి. అహ్మదాబాద్‌లో నదిని సుమారు 263 మీటర్ల సమాన వెడల్పుకు కుదించి, నర్మద కాలువ నీటితో నింపారు. అనంతగిరి కొండల నుంచి ఉరికివచ్చే మూసీకి అలాంటి కుదింపు ఎంత చేటో శుక్రవారం రాత్రి మరొకసారి రుజువైంది.

ఎగువన కూడా ఇదే రెండు నాలుకల ధోరణి. జంట జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసే 111 జీవో 1996లో వచ్చింది. 2022లో అప్పటి ప్రభుత్వం 69 జీవోతో ఆ కట్టడికి గండి కొట్టింది. ఎగువన మట్టి మీద కాంక్రీటు పరిస్తే వాన ఇంకే చోటు తగ్గి, వరద మరింత వేగంగా జలాశయాలకు, అక్కడి నుంచి నగరం మీదికి వస్తుంది. అటు పరీవాహకాన్ని సడలించి, ఇటు ఒడ్డున విహారకేంద్రాల నమూనాలు చూపే పాలకులను, వారు ఏ పార్టీవారైనా, నమ్మడానికి ఈ నగరానికి ఏ ఆధారమూ మిగల్లేదు.

కాబట్టి మూసీ మీద కొత్తగా ఒక్క ఇటుక పేర్చకముందే రాష్ట్ర ప్రభుత్వం నది హద్దులను, 1908 నాటి వరద మట్టాన్ని, శుక్రవారం నాటి మట్టాన్ని గీసి చూపే పటాన్ని బయటపెట్టాలి. ఆ గీత లోపల ఉన్న సర్కారు కట్టడాలన్నింటి జాబితా ప్రకటించాలి. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ను ఎక్కడికి, ఎప్పటికి తరలిస్తారో తేదీతో సహా చెప్పాలి. ఖాళీ అయిన ఆ నేలను దుకాణ సముదాయాలకు, హోటళ్లకు కాకుండా తోటగా, నీరొస్తే మునిగే తోటగా నదికి తిరిగి ఇవ్వాలి. అంతవరకు మూసీ బస్తీలకు ఎర్రరంగు డబ్బాలతో వెళ్లే నైతిక హక్కు ఏ అధికారికీ లేదు. వెళ్లాలనుకుంటే మొదట ఇమ్లీబన్‌కు వెళ్లి, తమ సొంత గోడ మీద ఆ గుర్తు వేసి రావాలి.