కేసుకు జంట, వాటాకు పరాయి

జైలుకు పంపాల్సి వస్తే వాళ్లు జంట. ఇంటి కాగితాల దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ పరాయివాళ్లు. పెళ్లి లేకుండా కలిసి ఉంటున్నవారితో మన చట్టాల వరస ఇదీ. ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతినే చూడండి. సహజీవనాన్ని నెలలోగా నమోదు చేయించకపోతే 3 నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ అని 2024లో రాసుకున్నారు. భాగస్వామి వదిలేసిన స్త్రీకి భరణం, పిల్లలకు చట్టబద్ధత ఇచ్చారు కదా అంటారు కొందరు. మంచిదే. కానీ అదే స్మృతిలోని వారసుల జాబితాలో భాగస్వామికి చోటేదీ? హిందూ వారసత్వ చట్టంలోనూ లేదు.

హైదరాబాద్ వైపు కోకాపేటలోనో తెల్లాపూర్‌లోనో కలిసి ఫ్లాటు కొనే జంటకు ఈ ద్వంద్వ నీతి నేరుగా తగులుతుంది. డబ్బంతా ఒకరు పెట్టి తన కోసమే కొంటూ, రిజిస్ట్రేషన్ రెండోవారి పేరున చేయించారనుకుందాం. లెక్క చూపగల సొమ్ముతో భార్య పేరున కొంటే బినామీ చట్టం వదిలేస్తుంది. భాగస్వామి పేరున కొంటే వదలదు. ఇల్లు జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల కఠిన కారాగారం, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా. ‘డబ్బు నాది’ అని దావా వేసే దారీ ఉండదు. పోనీ బహుమతిగా ఇస్తే? భార్యాభర్తల మధ్య లేని పన్ను ఇక్కడ పడుతుంది. ఏడాదిలో 50 వేలు దాటితే మొత్తం పుచ్చుకున్నవారి ఆదాయమే. పన్ను శాఖకూ వీళ్లు పరాయివాళ్లే!

చట్టం మారేదాకా కాగితమే దిక్కు. అగ్రిమెంట్ నాటి నుంచే ఇద్దరి పేర్లూ ఉండాలి. సేల్ డీడ్‌లో వాటాలు శాతాల్లో రాయించాలి. రాయకపోతే పెట్టిన సొమ్మును బట్టి వాటా. రుజువు లేకపోతే చెరిసగం. 60 లక్షలు పెట్టినవారూ, 20 లక్షలు పెట్టినవారూ అప్పుడు సమానమే. కాబట్టి ఎవరి ఖాతా నుంచి వారే బిల్డరుకు, బ్యాంకుకు కట్టాలి. నెలనెలా రెండోవారికి ఫోన్‌పేలో పంపే ‘ఇంటి ఖర్చు’ రేపు కోర్టులో అద్దెగా కనిపించవచ్చు. ఇంకో భ్రమ: లోన్‌లో పేరుంటే ఇంట్లో వాటా ఉన్నట్టేనని. లేదు. అప్పుకు మాత్రం ఒక్కొక్కరూ పూర్తిగా బాధ్యులే, అవతలివారు ఈఎంఐ ఎగ్గొట్టినా సరే.

విడిపోతే ఏమిటన్నది ముందే రాసుకోవాలి. ఇల్లు కొనుక్కునే మొదటి హక్కు ఎవరిది, ధర ఎవరు నిర్ణయించాలి, ఎన్ని రోజుల్లో చెల్లించాలి, అప్పటిదాకా ఈఎంఐ, మెయింటెనెన్స్ ఎవరివి. ఆ పత్రానికి ‘సహ యజమానుల ఒప్పందం’ అని పేరు పెట్టండి. సహజీవనం ఊసెత్తారా, నీతిబాహ్య ఒప్పందమంటూ కొట్టేయించడానికి అవతలి వకీలుకు సందు దొరికినట్టే. ఈ పత్రం లేకపోతే మిగిలేది పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంచమని కోర్టుకెళ్లడం. ఫ్లాటును గోడ కట్టి పంచలేరు. 1893 నాటి పార్టిషన్ చట్టం ప్రకారం అమ్మి పంచమని అడగాలంటే సగం వాటా అయినా ఉండాలి. 40 శాతం వాళ్లు ఒంటరిగా అడగలేరు.

రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే ఇద్దరూ విడివిడిగా వీలునామా రాయాలి. ఇద్దరు సాక్షులు, ఇద్దరూ లబ్ధి లేనివారు. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు గానీ చేయించండి. సొసైటీలో నామినీగా ఉన్నవారు కాపలాదారే, యజమాని కాదు. వీలునామా లేకుండా, పిల్లలు లేకుండా జంటలోని అబ్బాయి పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని వాటా తల్లికి వెళ్తుంది. మిగిలిన అమ్మాయి అత్తగారు కాని అత్తగారితో ఉమ్మడి యజమాని అవుతుంది, ఈఎంఐ మాత్రం మొత్తం తనే కడుతూ.

పడకగది దాకా వచ్చి నమోదు పత్రం అడిగే ప్రభుత్వాలు వారసుల జాబితా దగ్గర ఎందుకు ముఖం చాటేస్తున్నాయి? జరిమానా ఎంతో లెక్కకట్టడానికి తీరిక దొరికిన శాసనకర్తలకు ఆ జాబితాలో ఒక్క పంక్తి చేర్చడానికి చేయి రాలేదు. ఉత్తరాఖండ్ నమూనా తెస్తామని ఉబలాటపడుతున్న మిగతా రాష్ట్రాలు ముందు ఆ పంక్తి రాసి, తర్వాత నమోదు గురించి మాట్లాడాలి.