పైప్ ఆర్గన్ దొరగారికి

మహారాజశ్రీ పైప్ ఆర్గన్ దొరగారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం బాగానే ఉన్నాం, అక్కడ తమరి వేల గొట్టాల్లో ఒక్కదానికీ జలుబు చేయలేదని తలుస్తాను.

తమరి మీద నాకు సొంత పగలేమీ లేవు. గోడ మొత్తం ఆక్రమించుకుని, గాలి ఊదడానికి విడిగా మోటారు పెట్టించుకుని, వాయించేవాడి చేతులు రెండూ చాలక కాళ్లకి కూడా పని చెప్పే వాద్యంతో తగువు పెట్టుకునే స్తోమత నాకెక్కడిది. నా బాధల్లా తమరి కోసం పాటలు రాసిన నైజీరియా సంగీతకర్త ఫెలా సొవాండే గురించి. (ఆఫ్రోబీట్ పాటలతో పేరుపొందిన ఫెలా కుటీ కాదండీ, ఈయన వేరు. ప్రతిసారీ ఈ ముక్క చెప్పుకోవాల్సి రావడమే సగం బాధ.)

1905లో పుట్టాడు, తండ్రి పాదిరి, కుర్రాడు నైజీరియాలోని లేగోస్ నగరంలో పెద్ద చర్చి (కతీడ్రల్) గాయక బృందంలో పాడేవాడు. అక్కడ ఎకుండాయో ఫిలిప్స్ అనే పెద్దాయన 1914 నుంచి 48 ఏళ్లు తమరి సేవలోనే గడిపాడు, పిల్లాడికి పాఠం చెప్పిందీ ఆయనే. అయితే అక్కడో చిక్కుంది, తమరు గమనించారో లేదో. మనం 'అమ్మ' అని ఏ రాగంలో పాడినా అమ్మే. అక్కడివాళ్ల భాష యోరుబాలో అలా కుదరదు. 'ఒకో' అనే రెండక్షరాలు, గొంతు ఎక్కడ లేపారో ఎక్కడ దించారో దాన్నిబట్టి మొగుడు అవుతుంది, పార అవుతుంది, పడవ అవుతుంది, ఈటె కూడా అవుతుంది. మిషనరీలేమో కీర్తనల మాటలు యోరుబాలోకి మార్చి బాణీ మాత్రం ఇంగ్లండుదే ఉంచేశారు. మాట దిగాల్సిన చోట బాణీ ఎక్కింది, ఎక్కాల్సిన చోట దిగింది, భక్తులు ఏం పాడుతున్నారో ఆ దేవుడికే తెలియాలి, తమరు మాత్రం పూర్తి గాలి పోసి వంత పాడారు.

అదే ఊళ్లో డుండున్ అని ఒక డోలు ఉంది. చంకలో ఇరికించుకుని, తాళ్లు నొక్కుతూ వదులుతూ వంకర పుల్లతో కొడితే, మాట ఎత్తుపల్లాలు అచ్చుగుద్దినట్టు పలికి ఎదుటివాడి వంశాన్ని కూడా పొగిడేస్తుంది. దాన్నేమో చాలాకాలం చర్చి గుమ్మం తొక్కనివ్వలేదు. మాట్లాడటం వచ్చిన వాద్యం వీధిలో, రాని తమరు లోపల!

సరే, కుర్రాడు 1934లో సివిల్ ఇంజనీరింగ్ అంటూ లండన్ వెళ్లాడు. (ఇంజనీరింగ్‌కని వెళ్లి ఇంకేదో అయినవాళ్లు మా ఇళ్లల్లో కూడా ఉన్నారు లెండి.) జాజ్ వాయించాడు, అమెరికా జాజ్ పియానిస్టు ఫ్యాట్స్ వాలర్ పక్కన కూర్చుని వాయించాడు, 1936లో గెర్ష్విన్ రాసిన 'రాప్సోడీ ఇన్ బ్లూ'కి సోలో పియానిస్టు, బీబీసీలో తమరి షోకిల్లా చుట్టం, సినిమా హాళ్ల థియేటర్ ఆర్గన్ కూడా వాయించాడు. అంత సరదాగా తిరిగినవాడు 1943కల్లా మీ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్‌లో ఫెలో అయ్యాడు, బహుమతులతో సహా. తర్వాత లండన్‌లోనే చర్చి వాళ్ల కింగ్స్‌వే హాల్‌లో ఆర్గనిస్టు. ఆ హాలు కింద ట్యూబు రైలు వెళ్తే ఆ గురగుర రికార్డింగుల్లో కూడా పడేది. దాన్ని చర్చి వాళ్లు భరించారు, డోలునే భరించలేకపోయారు.

అసలు విషయానికొస్తా. 'ఒయిగియిగి' అని ఒక యోరుబా పాట ఉంటే, ఈయన దాన్ని తీసుకుని ఆర్గన్‌కి వేరియేషన్స్ (అదే బాణీని రకరకాలుగా మార్చి వాయించే రచన) రాశాడు. నోటితో ఒక్క మాట పాడక్కర్లేదు, పాట తెలిసినవాడికి ఆ ఎత్తుపల్లాల్లోనే మాట వినిపిస్తుంది. అంటే తమరి చేత యోరుబా పలికించాడు! నేర్పడానికి వచ్చామనుకున్న తమరికి మాటలు నేర్పి పంపాడు, ఫీజు కూడా అడగలేదు.

ఇంత చేస్తే ఏమైంది? ఆఫ్రికావాడివి, మీ జానపదమేదో చేసుకోక సింఫనీలు నీకెందుకు అనే రకం పెద్దమనుషులకి, ఇది కళలో అపార్థైడ్ (జాతి వేర్పాటు), మేం ఒప్పుకోం అని ఆయనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన 1944లో రాసిన 'ఆఫ్రికన్ స్వీట్' (మిఠాయి కాదండీ, కొన్ని భాగాలున్న వాద్య రచన) చివరి భాగం 'అకిన్లా' కెనడా రేడియోలో ఒక కార్యక్రమానికి టైటిల్ సంగీతంగా మోగింది. ఆ కార్యక్రమం 1956 నుంచి 1997 దాకా నడిచింది. ట్యూన్ విని రేడియో దగ్గరికి పరిగెత్తినవాళ్లలో ఎంతమంది ఇది ఎవరు రాశారని అడిగారో తమరే చెప్పాలి.

స్వతంత్ర నైజీరియాకి సింఫనీ రాశాడు, ఇబాదాన్‌లో కూర్చుని యోరుబాల జోస్య సంప్రదాయం ఇఫా మీద పరిశోధన చేశాడు, 1968లో అమెరికా వెళ్లి హోవర్డ్, పిట్స్‌బర్గ్, కెంట్ స్టేట్ యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పాడు, 1987లో ఒహాయోలో పోయాడు. అక్కడే పూడ్చారు. లేగోస్‌కి చాలా దూరం.

కాబట్టి మనవి ఏమిటంటే, అప్పుడప్పుడైనా బాఖ్ గారిని కాసేపు విశ్రాంతి తీసుకోమని చెప్పి ఈయన్ని వాయించండి. ప్రోగ్రాం కాగితం మీద పేరు కూడా తప్పుల్లేకుండా వేయించండి.

ఇట్లు,
తమరి గాలికి దూరంగా ఉండే ఒక శ్రోత

తా.క.: జవాబు రాస్తే కాస్త ఎత్తుపల్లాలు చూసుకుని రాయండి. 'ఒకో' పంపుతున్నా అని ఊరికే రాస్తే, వచ్చేది పడవో ఈటెయో తెలియక మేం టెన్షన్ పడతాం.