వాహనానికి కొబ్బరికాయ కొట్టారు సరే, లోపల కూర్చునే మనిషి సంగతేమిటి?

నేరస్థలానికే వెళ్లి ఆధారాలు సేకరించే మొబైల్ ఫోరెన్సిక్ వాహనాల ప్రారంభోత్సవం ఎక్కడ జరిగినా ఫొటో ఒకేలా ఉంటుంది. బంతిపూల దండ, పచ్చజెండా, ముందు వరుసలో పెద్దలు, వెనక ఎక్కడో సగం తల మాత్రమే కనిపించే సైంటిఫిక్ అసిస్టెంట్. అలాంటి ఫొటో విశాఖలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చిందంటే చాలు, "ఇక నేరస్థులకు చుక్కలే" అని చప్పట్లు మోగుతాయి. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో రసాయన విభాగంలో పనిచేసి రిటైరైన నాకు మాత్రం వేరే సందేహం వస్తుంది. ఆ సగం తల కనిపించే మనిషికి శిక్షణ ఎన్నాళ్లు ఇచ్చారు? ఆ తర్వాత ఆయన పనిని ఎవరైనా, ఎప్పుడైనా పరీక్షించి చూశారా? వాహనం ధర ప్రెస్ నోట్‌లో ఉంటుంది, ఈ జవాబు ఉండదు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 176(3) అనే సెక్షన్ ఉంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఆ పనంతా వీడియో తీయించాలి. ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చారు. మంచి చట్టమే, కాదనను. అయితే టెండరు పిలిస్తే యంత్రం వస్తుంది గానీ నిపుణుడు రాడు. యంత్రం తెర మీద గ్రాఫులో శిఖరాల్లా లేచే గీతల్లో ఏది పురుగుమందుదో, ఏది కుళ్లిన కాలేయం నుంచి వచ్చిన చెత్తో చెప్పగలిగే చూపు కావాలంటే సీనియర్ పక్కన ఏళ్ల తరబడి కూర్చోవాలి. ఆ సీనియర్ రిటైరయ్యాక కుర్చీ ఖాళీగా ఉంటే కొత్తగా వచ్చినవారు ఎవరి పక్కన కూర్చుంటారు?

ఇక ల్యాబ్ గేటు దాటక ముందు జరిగేదాని గురించి చెప్పాలంటే నాకు కోపం ఆగదు. మన సముద్రపు గాలిలో వానాకాలం ఉతికిన బట్టలే ఆరవు. అలాంటి ఊళ్లో రక్తంతో తడిసిన చొక్కాను అలాగే పాలిథిన్ కవరులో కుక్కి, పైన గుడ్డ కుట్టి, లక్క సీళ్లు వేసి పంపేవారు. పార్సిల్ విప్పగానే గదిలో ఎవరూ నిలబడలేరు. లోపల చొక్కా మీద నల్లటి బూజు, మరక ఉన్నచోట జిగురు. సీళ్లు మాత్రం లెక్క తప్పవు, సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల సంతకాలు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. నీడలో ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలన్న ఒక్క ముక్క ఆ హెడ్ కానిస్టేబుల్‌కు ఎవరైనా చేతులతో చేసి చూపించి ఉంటే ఆ డీఎన్ఏ దక్కేది. విసెరా, అంటే శవం నుంచి తీసిన లోపలి అవయవాల సంగతీ అంతే. విషపరీక్షకు పంపే భాగాలను మామూలుగా ఉప్పు చిక్కగా కరిగించిన నీళ్లలో పెట్టాలి. ఫార్మాలిన్ వాడేది కణజాల పరీక్షకు. సీసాలు తారుమారైతే ఎంత ఖరీదైన యంత్రమైనా చేయగలిగింది పెద్దగా ఉండదు. మద్యం పరీక్షకు తీసిన రక్తంలో సూక్ష్మజీవులను అడ్డుకునే సోడియం ఫ్లోరైడ్ వేయలేదా, వచ్చిన అంకె తాగిన మద్యానిదో, సీసాలో పెరిగిన సూక్ష్మజీవుల పుణ్యమో తేల్చి చెప్పడం కష్టం.

ఇవన్నీ చిల్లర విషయాలు అనుకునేవారు ఒక యువతిపై అత్యాచారం, హత్య జరిగిన ఢిల్లీ ఛావ్లా కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. ఉరిశిక్ష పడిన ముగ్గురు విడుదలయ్యారు. కోర్టు ఎత్తిచూపిన లోపాల్లో రెండు మన చర్చకు నేరుగా సంబంధించినవి. డీఎన్ఏ నమూనాలు ల్యాబ్‌కు చేరకుండా రోజుల తరబడి పోలీసు మాల్‌ఖానాలోనే, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలోనే ఉండిపోయాయి. డీఎన్ఏ నివేదిక ఏ ఆధారంతో ఆ నిర్ణయానికి వచ్చిందో కింది కోర్టుల్లో ఎవరూ పరిశీలించలేదు. తమిళనాడు నుంచి వెళ్లిన మరో కేసులో 2025 జులైలో అదే కోర్టు, డీఎన్ఏ నమూనాలు సేకరించిన 48 గంటల్లోగా ల్యాబ్‌కు చేరాలని ఆదేశించింది. సీలేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి రావడమంటే ఏమిటో తెలిసినవారికి ఆ 48 గంటల విలువ తెలుస్తుంది. ఐస్ పెట్టె, వాహనం, దారిలో ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో రాసే రిజిస్టరు, అది రాయడం వచ్చిన మనిషి ఉంటే తప్ప ఆ ఆదేశం కాగితం దాటదు.

మన ప్రాంతం కాబట్టి గంజాయి మాట ఎత్తకుండా ఉండలేను. చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఇరవై కిలోలు వాణిజ్య పరిమాణం, అది దాటితే కనీస శిక్షే పదేళ్లు. అంటే సంచిలో ఏముందో కళ్లతో, మైక్రోస్కోపుతో విడదీసి చెప్పడం మీద ఒక కుర్రాడి పదేళ్ల జీవితం ఆధారపడి ఉంది. రంగు మారే కిట్ ఆ పని చేయదు. అది "అయి ఉండవచ్చు" అనే వరకే చెబుతుంది. 2024 మార్చిలో మన పోర్టులో బ్రెజిల్ నుంచి వచ్చిన 25 వేల కిలోల ఎండు ఈస్ట్ కంటైనర్ గుర్తుందా? ప్రాథమిక పరీక్షలో మత్తుపదార్థాల ఆనవాళ్లు అన్న వార్త రాగానే, ఎన్నికల వేడిలో పార్టీలు ఒకరినొకరు డ్రగ్స్ ముఠా అని తిట్టుకున్నాయి. అది ఇంకా ల్యాబ్‌లో నిర్ధారించాల్సిన ప్రాథమిక ఫలితం మాత్రమేనని చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది.

మా వృత్తిలో చాలామందికి మింగుడుపడని విషయం ఇంకొకటి ఉంది. నమూనాతో పాటు ల్యాబ్‌కు వచ్చే ఉత్తరం, లెటర్ ఆఫ్ అడ్వైజ్‌లో కేసు కథంతా ఉంటుంది. ముద్దాయి ఎవరు, ఏం ఒప్పుకున్నాడు, అన్నీ చదివాకే మనం సీలు విప్పుతాం. చదివితే ఏమవుతుంది, మేము శాస్త్రవేత్తలం కదా అంటారు. ఇటియెల్ డ్రోర్ అనే పరిశోధకుడు 2006లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఐదుగురు వేలిముద్రల నిపుణులకు, వారే గతంలో "సరిపోలాయి" అని తేల్చిన ముద్రలను వారికి తెలియకుండా మళ్లీ ఇచ్చారు. ఇవి మాడ్రిడ్ పేలుళ్ల కేసులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ సరిపోలాయని పొరబడిన ముద్రలని చెప్పారు. నలుగురు మాట మార్చారు. ముద్రలు అవే, కథ మాత్రమే మారింది. దీనికి మందు కూడా ఖరీదైనది కాదు. ఉత్తరం ఒకరు చదవాలి, పరీక్ష చేసేవారికి ప్రశ్న మాత్రమే అందాలి. కొన్ని దేశాల్లో ఈ పద్ధతి మొదలై చాలాకాలమైంది. మన దగ్గర దీని గురించి మాట్లాడితే "మా నిజాయితీని శంకిస్తున్నారా" అని ముఖం మాడ్చుకుంటారు.

"పెండింగ్ కేసులు కొండలా ఉంటే శిక్షణకు సమయం ఎక్కడిది?" అన్నది అందరూ చెప్పే జవాబు. ఖాళీలు నిజం, పని ఒత్తిడి నిజం. కానీ లెక్క కోసం పరుగెత్తితే ఏమవుతుందో అమెరికాలో ఆనీ డూకన్ చూపించింది. మసాచుసెట్స్‌లో మత్తుపదార్థాలు పరీక్షించే ల్యాబ్‌లో అందరికంటే వేగంగా నమూనాలు తేల్చే ఉద్యోగిగా ఆమెకు మంచి పేరు. 2012లో బండారం బయటపడింది. చాలా నమూనాలను పరీక్షించకుండానే ఫలితం రాసింది. 2017లో ఒక్క దెబ్బకు 21 వేలకు పైగా కేసులు కొట్టివేశారు. ఆమె అంకెలు చూసి మురిసిన అధికారులు ఆమె చేతిపనిని ఒక్కరోజైనా సరిగా చూసి ఉంటే ఇంతదాకా వచ్చేదా?

ల్యాబ్‌ల నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 17025 గుర్తింపు పత్రం గోడకు తగిలించుకున్న ల్యాబ్‌లకు ప్రావీణ్య పరీక్షలు, అంటే జవాబు ముందే తెలిసిన నమూనా ఇచ్చి పనితనం చూడటం, కొత్త కాదు. అయితే పరీక్ష అని ముందే తెలిసిన నమూనాను అందరూ శ్రద్ధగానే చేస్తారు. మామూలు కేసుల మధ్య గుట్టుగా ఒక ఉత్తుత్తి కేసు కలిపి పంపాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరి పని ఎంతో.

జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే మిత్రులకు ఒక మాట. ప్రభుత్వ శాస్త్రవేత్త నివేదికను ఆయన్ని పిలవకుండానే సాక్ష్యంగా తీసుకునే వీలు చట్టంలో ఉంది కాబట్టి మీలో చాలామంది దాన్ని అలాగే వదిలేస్తున్నారు. వదలకండి. పిలిపించండి. చివరి ప్రావీణ్య పరీక్ష ఎప్పుడు రాశారు, అందులో ఏం వచ్చింది, ఈ పద్ధతిలో మీకు శిక్షణ ఎవరిచ్చారు అని అడగండి. నా పాత సహోద్యోగులు నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోనివ్వండి, పెన్షన్ వస్తోంది.