మూడంతస్తుల ముక్కకు మోక్షం

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న మన పెద్దలకు లండన్ గృహనిర్మాణ విధానంతో పరిచయం లేదు. అక్కడ ఇల్లు నిలబడి ఉన్నంతకాలం దమ్మిడీకి కొరగాదు. కూల్చడం మొదలయ్యాకే దాని ఘనత లోకానికి తెలిసివస్తుంది.

తూర్పు లండన్‌లోని పాప్లర్‌లో రాబిన్ హుడ్ గార్డెన్స్ అనే ప్రభుత్వ గృహసముదాయం ఉండేది. ఆలిసన్, పీటర్ స్మిత్‌సన్ దంపతుల రూపకల్పనలో 1972లో పూర్తయిన ఆ రెండు కాంక్రీటు భవనాలలో 213 ఇళ్లు. ఇళ్ల ముందు నడిచే విశాలమైన వసారాలకు ‘ఆకాశంలో వీధులు’ అని పేరు పెట్టి, ఇరుగుపొరుగు నిలబడి ముచ్చటించుకోవడానికి గుమ్మాల పక్కన కాస్త చోటు కూడా వదిలారు. పేదల కబుర్లకు స్థలం కేటాయించే ఇంతటి దుబారాను ఏ ప్రభుత్వమైనా ఎంతకాలం సహిస్తుంది?

దీనిని రక్షిత కట్టడంగా గుర్తించాలని పేరున్న వాస్తుశిల్పులు చేసిన విన్నపాన్ని 2008లో మంత్రిత్వశాఖ తోసిపుచ్చింది. 2017లో పడమటి భవనాన్ని కూల్చుతున్నప్పుడు మాత్రం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అందులోంచి మూడంతస్తుల ముక్కను భద్రంగా కోయించి తీసుకుంది. మొత్తానికి లేని అర్హత ముక్కకు ఎలా వచ్చిందని అడగడం కళాజ్ఞానం లేనివారి పని. మరుసటి ఏడాదే ఆ ముక్కలో కొంత భాగం వెనిస్ ప్రదర్శనకు వెళ్లగా, సందర్శకులు పరంజా ఎక్కి, అసలైన వసారా మీద నిలబడి పరవశించారు. అదే వసారాలో ఏళ్ల తరబడి నిలబడినవారికి, తాము చేస్తున్నది కళాస్వాదన అని ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.

లోపలి సంసారాలకూ అన్యాయం జరగలేదు. డో హో సూ అనే కొరియా కళాకారుడు, కాపురాలున్న ఇళ్లనూ ఖాళీ అయిన ఇళ్లనూ చిత్రీకరించి పెట్టారు. నా అభ్యంతరం చిన్నది. ఎవరు ఖాళీ చేసిన ఇంట్లోనైనా క్యాలెండరు తీసిన చోట మిగిలే తెల్లని చదరం, పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు, పోపు పొగ పట్టిన వంటింటి మూల ఉంటాయి. కాంక్రీటును కోసే రంపానికి వీటిని విడదీసి తీయడం చేతకాదు. తీసినా, ఎత్తు గీత పక్కన ఆ పిల్లవాడిని నిలబెట్టే ఏర్పాటు మ్యూజియం నియమావళిలో లేదు.

కాబట్టి ముందుచూపు అవసరం. ఆ చోటా చుట్టుపక్కలా 1,500కు పైగా కొత్త ఇళ్లు తలపెట్టారు. రేపు ఏ ముక్క కోయాలో వాటి గోడల మీద ఇప్పుడే సుద్దతో గీసి, మేకులు కొట్టుకునేవారు ఆ గీత లోపలే కొట్టుకోవాలని అద్దె ఒప్పందంలో ఒక షరతు చేర్చితే, తరువాత వెతుక్కునే శ్రమ తప్పుతుంది.