గొట్టంలో గత్తర

‘నీకు గత్తర రాను’ అనే తిట్టు తెలంగాణ పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. గత్తర అంటే కలరా అని తిట్టేవాళ్లలో ఎందరికి గుర్తుందో తెలియదు. 1813లో జంటనగరాలను ఆ జబ్బు ఊడ్చేస్తుంటే, ఉజ్జయినిలో కొలువు చేస్తున్న సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడనీ చెబుతారు. లష్కర్ బోనాల వెనకున్న కథ అది. అప్పట్లో మొక్కు తప్ప మరో దారి లేదు. 1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తా వచ్చి ఆ వంకర క్రిమిని పట్టి చూపించాక, జబ్బు నీళ్లలోంచి వస్తోందన్న సంగతిలో దాపరికమేమీ మిగల్లేదు. నూటనలభై ఏళ్లు గడిచినా వానలు పడగానే మన ఆసుపత్రి వరండాల్లో సెలైన్ సీసాలు వేలాడుతూనే ఉన్నాయి.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసింది, పలువురు చనిపోయారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మంచం పట్టింది. ఎందరు పోయారన్న దగ్గరే అధికారులకూ ఊరివాళ్లకూ లెక్క కుదరలేదు. అతిసారంతో పోయింది ఒక్కరేననీ, తక్కినవారివి వేరే జబ్బులనీ మొదట్లో వివరణ వచ్చింది. ఒంట్లో నీరంతా పోయి, ముసలి గుండె ఆగిపోతే దాన్ని ఏ పద్దులో రాయాలి? ఈ లెక్కల పేచీలో అసలు ప్రశ్న పక్కకు పోతుంది: ఆ నీళ్లు అలా ఎందుకయ్యాయి?

జవాబు చాలా ఊళ్లలో వీధిలోనే కనిపిస్తుంది. మంచినీటి గొట్టం మురుగుకాల్వలోంచే వెళ్తుంది. నీళ్లు సరిగ్గా ఎక్కవని ఇంటివాళ్లు గుంత తవ్వి కొళాయిని రోడ్డు మట్టానికి దిగువన బిగించుకుంటారు. వాన పడితే ఆ గుంతే చిన్న మురుగుకుంట. రోజుకో గంట నీళ్లు వదిలి కట్టేశాక గొట్టంలో పీడనం పడిపోతుంది. అప్పుడు పగుళ్లలోంచీ వదులైన జాయింట్లలోంచీ చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. కొళాయికి మోటారు బిగించినవాళ్లు పీల్చేదాంట్లో అదీ ఉంటుంది. మర్నాడు మొదటి బిందెలో పడేవి ఆ నీళ్లే. రంగు మారితే పారబోస్తాం. తేటగా ఉంటే తాగేస్తాం, క్రిమి మాత్రం రంగుతో కనబడదు.

జబ్బు బయటపడ్డాక మనవాళ్లు చేసే మొదటి పని బ్లీచింగ్ పౌడర్ చల్లడం. మంత్రి వచ్చే వీధి అయితే కాల్వ గట్టు పొడవునా సంక్రాంతి ముగ్గులా తెల్లగా మెరుస్తుంది. ఆ పొడి ఉండాల్సింది ట్యాంకులో. అదీ మూత తీసిన బస్తాలో నెలలు మూలిగిన పొడి అయితే అందులో క్రిములను చంపే క్లోరిన్ ఎగిరిపోయి సున్నమే మిగులుతుంది.

ఈ క్రిములన్నీ ఒక్క తీరువి కావు. కలరా క్రిమి పేగును కొరకదు. విషం వదిలి ఒంట్లోని నీటిని పేగులోకి తోడిస్తుంది. అందుకే గంజినీళ్ల లాంటి విరేచనాలు, గంటల్లో ప్రాణం మీదికి రావడం. షిగెల్లా పేగును పుండు చేస్తుంది, నెత్తురు పడుతుంది. వందలోపు క్రిములు చేరినా చాలు, చేతుల మీదుగానే ఇల్లంతా చుడుతుంది. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాకా, పసిపిల్లల ముడ్డి కడిగాకా, అన్నం కలిపే ముందూ సబ్బు తప్పదన్నది అందుకే. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ సరిగ్గా ఉడకని గుడ్డు, కోడిమాంసం నుంచి వస్తాయి. కోడిని కొళాయి కింద ఎగజిమ్మేలా కడిగితే పక్కనున్న టమాటాలకూ అంటుతాయి. 20 లీటర్ల ‘మినరల్’ క్యాను కొంటున్నాం కదా అన్న ధీమా కూడా వద్దు. ఫిల్టరు పట్టిన నీళ్లలో సాధారణంగా క్లోరిన్ మిగలదు. క్యాను మురికిదైతే ఇక కాపలా లేనట్టే. అనుమానముంటే నీళ్లు తెర్లేదాకా కాచుకోవడమే.

జబ్బు వస్తే ప్రాణం నిలిపేది ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. అంతటి మందు పేరును పండ్లరసాల డబ్బాలు ఏళ్లపాటు వాడుకున్నాయి. చక్కెర ఎక్కువైన ఆ పానీయాలు విరేచనాలను ఇంకా పెంచుతాయని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లకేళ్లు పోరాడితే, 2025 అక్టోబరులో గానీ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించలేదు. మందుల దుకాణంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని రాసి ఉన్న పొట్లమే అడగండి. అదీ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. పిల్లలకు దానితోపాటు డాక్టరు చెప్పినన్నాళ్లు జింకు మాత్ర. నెత్తురు పడినా, మూత్రం తగ్గినా, మనిషి మగతగా ఉన్నా ఆసుపత్రికే. సొంతంగా యాంటీబయోటిక్ మింగడం కాదు.

అయితే మేము ఒత్తి అడిగేది ఆసుపత్రి గురించి కాదు. చివరి కొళాయి దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది మన ప్రమాణం. దాన్ని చూడ్డానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు: గాజు గొట్టంలో కాస్త నీళ్లు, మందు చుక్కలు, మారిన రంగును పోల్చుకునే అట్ట, అంతే. ఆ పరీక్ష ట్యాంకు కింద చేసి సరిపెడితే గొట్టంలో జరిగిన కల్తీ అందదు. ఊరి కొసన, అందరికంటే ఆలస్యంగా నీళ్లెక్కే వీధిలో చేయాలి. అక్కడ సున్నా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో గొట్టం పగిలిందనో, ట్యాంకులో మందు పడలేదనో మొదటి రోగి మంచమెక్కకముందే తెలుస్తుంది.

వాటర్ ట్యాంకుల మీద ‘కడిగిన తేదీ’ అని రంగుతో రాస్తున్నారు. దాని పక్కన ఇంకో గడి గీయించి, చివరి వీధిలో ఈ ఉదయం క్లోరిన్ ఎంత ఉందో పంపు ఆపరేటరు చేత రోజూ రాయించండి. అందుకు సుద్దముక్క చాలు.